ఆపరేషన్ ఉచితమే - ఎకో దగ్గరే ఆలస్యం

లింగాల: గుండె వాల్వు చెడినవారికి ఆపరేషన్ చేయించే స్తోమత లేక మనుషులను పోగొట్టుకున్న కుటుంబాల సంగతులు ఈ మండలంలో పెద్దవారిని అడిగితే ఇప్పటికీ చెబుతారు. అప్పట్లో రాయవేలూరు పోవాలి. పోవాలంటే ఎద్దులో, ఎకరా చేనో అమ్ముకోవాలి. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. కానీ ఆపరేషన్ దాకా పోవలసిన మనిషిని సకాలంలో గుర్తించి, వాల్వు ఎంత ఇరుకయిందో కొలిచి చెప్పే ఎకో పరీక్ష మాత్రం పల్లె మనిషికి ఇంకా దూరంగానే ఉంది. డబ్బు చిక్కు తీరినా రోగులు ఆలస్యంగానే పెద్దాసుపత్రి మెట్లు ఎక్కడానికి ఇదే కారణం.

మూడు దశాబ్దాల్లో వచ్చిన మార్పు చిన్నది కాదు. పక్క జిల్లాలోని పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ మొదలయింది. గుండె ఆపరేషన్లు అక్కడ పైసా తీసుకోకుండా చేశారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన స్విమ్స్ ఆసుపత్రి అందుబాటులోకి వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ప్రారంభమై, 2008 నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారింది. 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఏ పేరున్నా వాల్వు మార్పిడి, బెలూన్ చికిత్స రెండూ అందులో ఉన్నాయి. 2021 అక్టోబరులో తిరుపతిలో పిల్లల కోసం ప్రత్యేకంగా పద్మావతి హృదయాలయం కూడా తెరిచారు.

కాగా ఈ ఏర్పాట్లన్నీ రోగిని గుర్తించిన తర్వాతి సంగతి. గుర్తించే పని ఎక్కడ జరుగుతోందో చూడాలంటే ఒక ఇల్లాలి సంగతి చెప్పుకోవాలి. ఆమె పేరు, ఊరు రాయడం లేదు.

అరటి తోటల పనికి పోయే పాతికేళ్ల మనిషి. రెండో కాన్పు. నాలుగో నెల నుంచే గట్టు ఎక్కాలంటే ఆయాసం. "నాలుగడుగులేస్తే ఎగపోస్తాంది, రాత్రిపూట పండుకోలేకుండా ఉండా" అని చెప్పుకుంటే, "కడుపుతో ఉండేటప్పుడు ఆయాసం రాకుండా ఉంటాదా పాపా" అని అత్త సర్దిచెప్పింది. అత్తను తప్పు పట్టడానికి లేదు. ఆసుపత్రిలోనూ రక్తం తక్కువని ఇనుము మాత్రలే ఇచ్చారు. నిజంగానే రక్తం కొంచెం తక్కువగా ఉందట. ఆరో నెలకు రాత్రిళ్లు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. దగ్గితే రక్తపు చార కనిపించాక పట్నం తీసుకుపోయారు. ఒకచోట ఎకో తీసి కాగితం చేతికిచ్చారు. అందులో మైట్రల్ వాల్వు జబ్బు అని ఒక్క వాక్యం. వాల్వు ఎంత ఇరుకో అంకె లేదు. ఆ కాగితం పట్టుకుని మరో ఊరిలోని పెద్దాసుపత్రికి పోతే, "దీనితో మాకు పని జరగదు" అని మళ్లీ తీశారు. 0.9 చదరపు సెంటీమీటర్లు అని తేలింది. మొదటి ఆయాసానికీ ఈ అంకెకూ మధ్య రెండున్నర నెలలు గడిచాయి.

ఆమెకు ఏడో తరగతిలో ఉన్నప్పుడు మోకాళ్లు, చీలమండలు వాచి నెలరోజులు బడికి పోలేదన్న సంగతి వాళ్లమ్మకు అప్పుడు గుర్తుకొచ్చింది. వాతమని పసరు కట్టు కట్టించారు. తగ్గిపోయింది. అందరూ మరిచిపోయారు.

గొంతు నుంచి గుండెకు

జబ్బు మొదలయ్యేది అక్కడే. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి, జ్వరం వస్తాయి. సరైన మందు పడకపోతే, వారిలో కొందరికి రెండు మూడు వారాల తర్వాత ఒక కీలు తర్వాత ఒక కీలు వాస్తుంది. దీనినే రుమాటిక్ జ్వరం, కీళ్లవాత జ్వరం అంటారు. సూక్ష్మజీవి మీద యుద్ధానికి లేచిన ఒంటి రక్షక శక్తి పొరపాటున సొంత గుండె మీదే పడుతుంది. కీళ్లు మామూలవుతాయి. గుండెలోని వాల్వు మాత్రం మచ్చపడి, ఏళ్ల తరబడి మందమవుతూ, అంచులు ఒకదానికొకటి అతుక్కుంటూ పోతుంది. ఇరుకు గదుల్లో ఎక్కువమంది పడుకునే ఇళ్లలో గొంతు జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ధనిక దేశాల్లో ఇళ్లు బాగుపడి, పెన్సిలిన్ వచ్చాక ఈ జబ్బు దాదాపు కనుమరుగయింది. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికీ 5 కోట్ల మందికి పైగా దీనితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2018 మే నెలలో ఆ సంస్థ సభలో దీనిపై ప్రత్యేక తీర్మానమే చేశారు. పేదల జబ్బు కనుక తీర్మానానికి అంతకాలం పట్టిందనుకోవాలి.

వాల్వు అంటే ఏమిటో మన రైతులకు డాక్టర్లు విడమరచి చెప్పనక్కరలేదు. బావిలో ఫుట్‌వాల్వు చేసే పనే ఇదీ చేస్తుంది. నీటిని పైకి పోనిచ్చి వెనక్కి రానీయదు. ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకపోతే నీరు బావిలోకి జారిపోతుంది. తుప్పుపట్టి సరిగా తెరుచుకోకపోతే మోటారు ఎంత లాగినా నీరు రాదు. గుండె వాల్వుకూ ఈ రెండు జబ్బులే. మనం చెప్పుకుంటున్నది రెండోది. గుండె ఎడమ వైపున పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది మైట్రల్ వాల్వు. మంచి స్థితిలో అది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. 1.5కు దిగితే జబ్బు తీవ్రమయినట్లు. 1కి తగ్గితే మరీ తీవ్రం. దాటలేని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అదే ఆయాసం.

గర్భిణికి ఈ జబ్బు ఎందుకు బయటపడుతుందో ఇక్కడే తెలుస్తుంది. కడుపులో బిడ్డ కోసం ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. నాడి వేగమూ పెరుగుతుంది. అదే ఇరుకు దారిలో ఒకటిన్నర రెట్ల ప్రవాహం పోవాలి. పెళ్లినాటికి ఏ బాధా లేని పిల్ల నాలుగో నెలలో రొప్పుతుంది. పురిటి సమయం మరింత గండం. ఆయాసమంతా రక్తహీనత కాదు, రక్తహీనత ఉన్నంత మాత్రాన వాల్వు మంచిదనీ కాదు.

ఎకో కొలిచేది ఏమిటి?

ఎకో అంటే ప్రతిధ్వని. బావిలోకి తొంగిచూసి కేకేస్తే తిరిగి వినపడినట్లే, చెవికి వినపడని శబ్దాన్ని రొమ్ము మీద నుంచి లోపలికి పంపి, గుండె గోడలకు, వాల్వులకు తగిలి వచ్చేదాన్ని బొమ్మగా చేస్తారు. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే మాదిరి కిరణాలూ లేవు. గర్భిణికీ, కడుపులో బిడ్డకూ హాని లేదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద జిగురు మందు రాసి, అరగంట చూస్తారు. స్కానింగంటే భయపడి రానివారు ఇంకా ఉన్నారు కనుక ఇంత వివరం.

విశేషమేమంటే ఈ పరీక్ష పుట్టడంలోనే ఈ జబ్బు ఉంది. స్వీడన్ దేశంలోని లుండ్ పట్టణంలో ఇంగె ఎడ్లర్ అనే డాక్టరు మైట్రల్ వాల్వు ఆపరేషన్లకు ముందు రోగులను పరీక్షించేవారు. ఎవరికి వాల్వు ఇరుకో, ఎవరికి కారుతోందో కోయకుండా తెలుసుకునే దారి కోసం వెతికారు. హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తతో కలిసి, ఓడల కర్మాగారంలో ఇనుములోని పగుళ్లు పట్టే శబ్ద యంత్రాన్ని గుండె మీద ప్రయత్నించారు. 1953 అక్టోబరు 29న గుండె కదలికల మొదటి చిత్రం తీశారు. అంటే ఈ యంత్రానికి 70 ఏళ్లు దాటాయి.

వాల్వు ఇరుకును ఎకోలో మూడు విధాల చూస్తారు. మొదటిది కంటికి కనిపించే కొలత. వాల్వు నోరు అడ్డంగా కోసినట్లు తెరమీద కనిపిస్తుంది. అంచులు అతుక్కున్న వాల్వు చేప నోరులా ఉంటుంది. ఆ నోటి చుట్టూ గీత గీస్తే వైశాల్యం వస్తుంది. రెండోది వేగం. తోటకు నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా. ఇరుకయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. రక్తం వేగాన్ని డాప్లర్ అనే పద్ధతిలో పట్టి, వేగాన్ని వేగంతో హెచ్చవేసి, దానిని మళ్లీ 4తో హెచ్చవేస్తే వాల్వు ముందూ వెనుకా ఉన్న ఒత్తిడి తేడా వస్తుంది. సెకనుకు 2 మీటర్లయితే రెండు రెళ్లు నాలుగు, నాలుగు నాలుగులు పదహారు. రక్తపోటు చూసే మిల్లీమీటర్ల లెక్కలో 16 అన్నమాట. నార్వేలో లివ్ హాత్లె అనే వైద్యురాలు 1970లలో ఈ లెక్కను రోగుల మీద రుజువు చేశారు. మూడోది కూడా ఆమె వాడుకలోకి తెచ్చిందే. చెరువు తూము వెడల్పయితే నీటిమట్టం వేగంగా దిగుతుంది, ఇరుకయితే నెమ్మదిగా దిగుతుంది. అలాగే ఒత్తిడి ఎంతసేపట్లో తగ్గుతుందో సెకనులో వెయ్యోవంతుల్లో కొలిచి, ఆ కాలంతో 220ని భాగిస్తే వాల్వు వైశాల్యం వస్తుంది. 110 వస్తే 2 చదరపు సెంటీమీటర్లు, 220 వస్తే 1.

ఇంత లెక్క ఎందుకు రాస్తున్నామంటే, ఇది యంత్రం మీట నొక్కితే దానంతటది వచ్చే జవాబు కాదు. చేసే మనిషి చేతి మీద ఆధారపడుతుంది. గీత కొంచెం పక్కకు గీస్తే 0.9 కాస్తా 1.4 కావచ్చు. మెట్లెక్కి వచ్చిన వెంటనే తీస్తే, జ్వరం ఉంటే, రక్తం తక్కువయితే నాడి పరుగెత్తి ఒత్తిడి అంకె పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే మంచి రిపోర్టులో నాడి ఎంత ఉన్నప్పుడు తీశారో కూడా రాస్తారు. పై ఇల్లాలి మొదటి కాగితంలో ఇవేమీ లేవు. ఫీజు మాత్రం రెండుచోట్లా ఒకటే.

అరవై దాటిన మగవారికి, ఆడవారికి మరో వాల్వు ఇరుకవుతుంది. గుండె నుంచి బయటికి పోయే ద్వారంలో ఉండే అయోర్టిక్ వాల్వు. వయసుతో సున్నం పేరుకుని గట్టిపడుతుంది. చేనికి పోతూ కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం దీని గుర్తులు. వాల్వు 1 చదరపు సెంటీమీటరు కన్నా తగ్గితే, వేగం సెకనుకు 4 మీటర్లు దాటితే తీవ్రమని లెక్క. ఇక్కడ ఒక మోసం ఉంది. ఓల్టేజి లేనప్పుడు మోటారు తిరిగినా పైపులో నీళ్లు చిమ్మవు. అది చూసి పైపు బాగుందనుకుంటే పొరపాటు. గుండె కండరం నీరసించినవారిలో వేగం అంకె చిన్నదిగా వచ్చి, జబ్బు స్వల్పమే అనిపిస్తుంది. అనుభవమున్న వైద్యుడే దాన్ని పట్టగలడు.

మైట్రల్ వాల్వు విషయంలో ఎకో మరో నిర్ణయం కూడా చేస్తుంది. ఛాతీ కోయాలా, బెలూనుతో సరిపోతుందా అన్నది. జపాన్ శస్త్రవైద్యుడు కంజి ఇనోయె 1982లో మొదటిసారి ఈ బెలూన్ చికిత్స చేశారు. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి, వాల్వు నోట్లో బెలూను ఊది, అతుక్కున్న అంచులు విడదీస్తారు. వాల్వు కదలిక, మందం, సున్నం, కింది తాళ్ల స్థితి, ఈ నాలుగింటికీ ఎకోలో నాలుగేసి మార్కులు. మొత్తం 16లో 8 లోపు వస్తే బెలూనుకు అనువని సాధారణంగా భావిస్తారు. ఇక్కడ తక్కువ మార్కులే మంచివి. ఏళ్లు గడిచి సున్నం పట్టేకొద్దీ మార్కులు పెరిగి బెలూను అవకాశం జారిపోతుంది. అప్పుడిక ఛాతీ తెరిచి లోహపు వాల్వు పెట్టాలి. పెట్టాక రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర, దానికి తరచూ రక్తపరీక్ష. నెలనెలా పరీక్షకు బస్సెక్కడం కూలి మనిషికి ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు. ఎకో రెండేళ్లు ఆలస్యమయితే పోయేది రెండేళ్లే కాదన్నమాట.

స్టెతస్కోపుకు దొరకనిది

బడిపిల్లల్లో ముందుగా పట్టలేమా అన్నది పెద్ద ప్రశ్న. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు కూడా ఉంది. బడికి వచ్చే వైద్య బృందం పిల్లల గుండె వినాలి. అయితే చెవితో వినడానికీ ఎకోతో చూడడానికీ ఎంత తేడా ఉందో 2007లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కాంబోడియా దేశంలో 3,677 మంది బడిపిల్లలను పరీక్షిస్తే స్టెతస్కోపుతో దొరికినవారు 8 మంది. అదే పిల్లల్లో ఎకోకు దొరికినవారు 79 మంది.

దొరికితే లాభమేమిటని అడగవచ్చు. ఉగాండాలో జరిపిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. లక్ష మందికి పైగా పిల్లలకు ఎకో చేసి, తొలిదశ జబ్బున్న 818 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేశారు. రెండేళ్లలో జబ్బు ముదిరినవారు సూది వేయని జట్టులో 33 మంది, వేసిన జట్టులో ముగ్గురే. ఆ సూది మందు ఖరీదయినది కాదు. బెంజథైన్ పెన్సిలిన్, మన దేశంలో మూడు వారాలకోసారి వేస్తారు.

సూది విషయంలో ఊళ్లలో రెండు ఇబ్బందులున్నాయి. నొప్పి అని పిల్లలు పారిపోతారు, కీళ్లనొప్పి తగ్గింది కదా అని పెద్దలు మానేస్తారు. గుండె తాకిడి ఉన్నవారికి కనీసం పదేళ్లు, లేదా 21 ఏళ్ల వయసు దాకా, వీటిలో ఏది ఎక్కువయితే అంతకాలం వేయాలి. వాల్వు బాగా చెడినవారికి 40 ఏళ్ల దాకా కూడా చెబుతారు. రెండో ఇబ్బంది, పెన్సిలిన్ వికటిస్తుందన్న భయంతో కొన్నిచోట్ల సూది వేయడానికే వెనకాడతారు. వికటించడం అరుదు. 2022లో అమెరికా హృద్రోగ సంఘం ఇంకో మాట కూడా చెప్పింది. వాల్వు జబ్బు బాగా ముదిరి ఆయాసంతో ఉన్నవారు సూది తర్వాత కుప్పకూలితే అది మందు పడకపోవడం కాక, బలహీనపడ్డ గుండె తట్టుకోలేకపోవడం కావచ్చని, అటువంటివారికి మాత్రలు మేలని సూచించింది. సూదా, మాత్రా అన్నది తేల్చడానికి కూడా మళ్లీ ఎకోయే కావాలి.

బడికే ఎకో తీసుకుపోతే తీరిపోతుంది కదా అంటే, ఆడశిశువుల భ్రూణహత్యలను ఆపడానికి తెచ్చిన 1994 నాటి చట్టం కింద స్కానింగు యంత్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. చేతిలో పట్టుకుపోయే యంత్రాన్ని ఇష్టమొచ్చిన చోటికి తిప్పడానికి వీలు లేదు. చట్టం మంచిదే. ముందుగా అనుమతులు తీసుకుని, బడుల తేదీలు నిర్ణయించి చేసే పని జిల్లా వైద్యాధికారులు తలచుకుంటే అసాధ్యమేమీ కాదు.

లింగాల మండలంలో పార్నపల్లె నుంచో, కోమన్నూతల నుంచో బయలుదేరిన రోగికి దగ్గరి పట్నం పులివెందుల. ఆపైన కడప రిమ్స్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎకో పెట్టమని ఎవరూ అడగడం లేదు. పులివెందులలో వైద్య కళాశాల ఆసుపత్రిని 2024 మార్చిలో ప్రారంభించారు. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లు ఇచ్చినా రాష్ట్ర ప్రభుత్వం వద్దంది. 2025లో ప్రైవేటు భాగస్వామ్యం నిర్ణయం వచ్చింది. కళాశాల ఎవరు నడపాలన్న వాదన రచ్చబండల దగ్గర జోరుగా సాగింది. అందులో ఎకో మాట ఎత్తినవారు ఈ విలేకరికి తగల్లేదు. యంత్రం ఉంటే చాలదు. వారంలో ఏయే రోజుల్లో, ఏ అర్హత ఉన్నవారు చేస్తారన్నది బోర్డు మీద రాసి పెట్టాలని అడగాలి. గర్భిణుల నమోదు సమయంలోనే "చిన్నప్పుడు కీళ్లు వాచాయా" అన్న ఒక్క ప్రశ్న ఆశా కార్యకర్త అడిగేటట్లు చేయడానికి పైసా ఖర్చు లేదు.

రోగుల ఇళ్లవారు చేయగలిగింది కూడా ఉంది. ఎకో తీయించుకున్నాక వాల్వు వైశాల్యం, ఒత్తిడి తేడా, నాడి వేగం కాగితంలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే రాయించుకోవాలి. పాత రిపోర్టు పారేయరాదు. వైశాల్యం 1.5కు పైన ఉన్నవారికి మూడు నుంచి అయిదేళ్లకోసారి, 1కీ 1.5కీ మధ్య ఉంటే ఏడాదికో రెండేళ్లకో, 1కి తక్కువుంటే ఏటా ఎకో చూడాలని వైద్యుల మార్గదర్శకాలు. ఆయాసం పెరిగినా, నాడి లయ తప్పినా అంతకాలం ఆగకూడదు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతమే. పాతికేళ్లవారికి పక్షవాతం వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి.

అరటి తోటల ఇల్లాలికి ఏడో నెలలోనే బెలూన్ చికిత్స జరిగింది. వాల్వు 0.9 నుంచి 1.7కు తెరుచుకుంది. నెల నిండకముందే కాన్పయినా తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు. మూడు వారాలకోసారి సూది వేయించుకుంటోంది. మొన్న కలిసినప్పుడు, రిపోర్టులన్నీ యూరియా సంచిని కత్తిరించి కుట్టిన సంచిలో పెట్టి గోడకు తగిలించి ఉన్నాయి. పెద్ద కొడుకుకు నాలుగు రోజులుగా గొంతునొప్పి, జ్వరం అని చెప్పి, పనికి సెలవు పెట్టి వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేందుకు బస్సు కోసం నిలబడి ఉంది.